లార్గో తాళం కాదు, ఇ మైనర్ రాగం కాదు

సందేహం: పిల్లలకు కీబోర్డు నేర్పుతాను. వాళ్ల కార్యక్రమం కోసం వేసే కరపత్రంలో షోపాన్ పియానో రచన ఒకదాని గురించి ఇలా రాశాను: "ఈ చిన్న ముక్క లార్గో తాళంలో, ఇ మైనర్ రాగంలో, నిమ్మళమైన మూడ్‌తో సాగుతుంది." తాళం, రాగం అనడం తప్పని ఒకరన్నారు. తెలుగులో వేరే మాటలు ఎక్కడున్నాయని ఇంకొకరు అంటున్నారు. ఏది సరి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: తప్పన్నవారిదే సరి. అయితే మాటలకు మనకు కొదవేమీ లేదు. మీరు చెబుతున్నది 1839లో అచ్చయిన షోపాన్ 24 ప్రెల్యూడ్‌లలో (చిన్న పియానో రచనలలో) నాలుగోది అనుకుంటాను. లార్గో, ఇ మైనర్ రెండూ కలిసేది దానికే. మొత్తం 25 బార్లు (మన ఆవర్తాల లాంటివి), అంతే.

తాళం అంటే దెబ్బల లెక్క. ఈ రచనలో బార్‌కు రెండు దెబ్బలు. తాళం అనే మాట వాడాలనుకుంటే ఆ లెక్కకు వాడండి. లార్గో అనే ఇటాలియన్ మాట ఆ లెక్క చెప్పదు, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఎంతుండాలో చెబుతుంది: బాగా నెమ్మదిగా అని. దాన్ని మనవాళ్లు లయ అన్నారు; విళంబం, మధ్యం, ద్రుతం అని విడదీశారు. కచేరీలు చేసేవాళ్లు కాలప్రమాణం అంటారు. వేయిస్తంభాల గుడి దగ్గర బతుకమ్మ ఆడేటప్పుడు గమనించే ఉంటారు: మొదట్లో చప్పట్లు ఎడంగా పడతాయి, ఆట ఊపందుకున్నాక దగ్గరపడతాయి. 'ఉయ్యాలో' వచ్చే చోటు మారదు, చప్పట్ల లెక్కా మారదు. మారింది నడక. కరపత్రానికి ఆ 'నడక' అన్న మాటే నాకు అన్నిటికంటే నచ్చుతుంది. చదివిన ప్రతి తల్లికీ తండ్రికీ తెలుస్తుంది.

మీ వాక్యంలో నన్ను ఆపిన మాట మాత్రం 'నిమ్మళం'. మన వైపు దీనికి రెండు పనులున్నాయి. "నిమ్మళంగ పోయి రా బిడ్డా" అన్నప్పుడు తొందరపడొద్దని. "జరం తగ్గింది, ఇప్పుడు నిమ్మళంగున్నది" అన్నప్పుడు బాధ తీరి, ప్రాణం కుదుటపడిందని. మొదటి అర్థంలో లార్గోకు ఇది చక్కగా సరిపోతుంది. "నిమ్మళంగ వాయించు" అని మీరు క్లాసులో అంటే పిల్లలు ఠక్కున అందుకుంటారు. కానీ మూడ్ పక్కన పెట్టేసరికి రెండో అర్థం వచ్చి కూర్చుంటుంది. ఈ రచనలో ఆ కుదురే లేదు. కుడి చేయి పంచమం మీద నిలబడి, పక్కనే ఉన్న ధైవతాన్ని తాకి మళ్లీ పంచమానికే వస్తుంది. ఒకసారి కాదు, వరసగా. కింద ఎడమ చేతి కార్డులు (ఒకేసారి కలిపి వాయించే స్వరాలు) ఆగకుండా మోగుతూనే, ఒక్కో స్వరం అర మెట్టు చొప్పున దిగిపోతుంటాయి. నడక నెమ్మదే, మనసుకు మాత్రం నిమ్మళం దొరకదు.

నడకను చెప్పే మాటలోకి మూడ్ ఇలా జొరబడటం ఇటాలియన్‌లోనూ ఉంది. అలెగ్రో అంటే ఆ భాషలో ఉల్లాసం, సంగీతంలో వేగం. మోజార్ట్ 40వ సింఫనీ జి మైనర్‌లో, 'మోల్టో అలెగ్రో'గా మొదలవుతుంది. దాన్ని 'ఎంతో ఉల్లాసంగా' అని తెలుగు చేసి వినిపిస్తే విన్నవాళ్లు బిత్తరపోతారు.

ఇక రాగం. 'ఇ మైనర్'లో ఇ అన్నది ఆధార స్వరం, మైనర్ అన్నది స్వరాల వరస. హార్మోనియం లెక్కలో సి ఒకటో శ్రుతి అయితే ఇ మూడోది. కానీ శ్రుతి అని ఊరుకుంటే సగమే చెప్పినట్టు, ఎందుకంటే ఇ మేజర్‌కూ శ్రుతి అదే. మైనర్ స్వరాల వరస మన నటభైరవి మేళంతో కలుస్తుంది, మేజర్‌ది శంకరాభరణంతో. అందుకే చాలామంది రాగం అనేస్తారు. స్వరాలు కలిస్తే రాగం అయిపోదు. దానికి గమకం (స్వరాన్ని ఊపే తీరు) కావాలి, సంచారం (స్వరాల మధ్య ఆ రాగం నడిచే తీరు) కావాలి. పైగా ఈ రచనలో నాలుగో బార్‌లోనే పంచమం నుంచి అర మెట్టు దిగి ప్రతిమధ్యమం తగులుతుంది. నటభైరవిలో అది అన్యస్వరం, అంటే ఆ రాగానికి చెందని స్వరం. మన రాగంలో దోషమయ్యేది ఇక్కడ రచనకు ప్రాణం. కాబట్టి 'ఇ మైనర్‌లో' అని విభక్తి ఒక్కటి పెట్టి వదిలేయండి. కొందరు 'స్థాయి' అని రాస్తున్నారు, అది ఇంకా పెద్ద పొరపాటు: మంద్ర, మధ్య, తార స్థాయిలు వేరే సంగతి.

మూడ్ అని రాసినా తప్పు లేదు, అందరూ అనేదే. 'భావం' అంటే ఇంకా బాగుంటుంది. 'కరుణరసం' అని మాత్రం ముందే వేయకండి. శోకం రచనలోని భావం. కరుణ వినేవాళ్లలో కలగాల్సింది, వాయించే పిల్ల చేతిలో ఉన్నది. శోకం అనడానికి నాకు వెనకాడాలనిపించడం లేదు: 1849లో పారిస్‌లోని మడెలైన్ చర్చిలో షోపాన్ అంత్యక్రియలప్పుడు ఇదే రచనను ఆర్గన్ మీద వాయించారు.

'ముక్క' తీసేసి 'రచన' అనండి. వాక్యం ఇలా వేసుకోవచ్చు: "ఈ చిన్న రచన ఇ మైనర్‌లో, లార్గో అనే బాగా నెమ్మదైన నడకలో, తీరని శోకభావంతో సాగుతుంది."