కష్టం తీరకపోతే కృప లేనట్టేనా?

కాదండీ. బైబిల్లో, క్రీస్తును ప్రకటించిన పౌలు తన శరీరంలోని ముల్లు, అంటే తనను వేధించే బాధ, తీసేయమని ప్రభువును మూడుసార్లు వేడుకున్నాడు. అది పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న మాట వచ్చింది (2 కొరింథీ 12:9). అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం మన్నా కూడా ఏ రోజుది ఆ రోజే. తెల్లారేదాకా దాచుకుంటే పురుగు పట్టింది, విశ్రాంతి దినానికి దాచింది తప్ప.

మా అమ్మ గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్లేది. రాత్రి మండే చేతులకు కొబ్బరినూనె రాసుకుని, ఆ చేతులే జోడించి ప్రార్థన చేసేది. రేపటి కూలి గురించి కాదు, ముందు ఇవాళ తిన్న అన్నానికి స్తోత్రం. విశ్వాసం అంటే ఏమిటో నేను చూసింది అక్కడే. పని దొరకని రోజు పక్కింటి పిన్ని గిన్నెడు పప్పుచారు తెచ్చిచ్చేది. అమ్మ దాన్ని కూడా కృపే అనేది.