బిళ్ళ గన్నేరు రసం తాగితే కీమో అక్కర్లేదా?

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్ళు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. ఇప్పుడు వారం వారం పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కిస్తున్నారు. బిళ్ళ గన్నేరు నుంచే క్యాన్సర్ మందు తీస్తారని, రోజూ పరగడుపున ఆ ఆకు రసం తాగితే కీమో మానేయవచ్చని బంధువులు చెబుతున్నారు. పది రోజులుగా తాగుతోంది కూడా. కొనసాగించవచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ రసం ఆపించండి. కీమో మాత్రం ఆపవద్దు.

మీ బంధువుల మాటలో సగం నిజమే. మన పెరళ్ళలో పూసే ఈ మొక్క నుంచే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే మందులు వచ్చాయి. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కు విన్‌క్రిస్టిన్‌ను ఇవాళ్టికీ వాడుతున్నాం. జమైకాలో షుగర్ జబ్బుకు ఈ ఆకుల కషాయం తాగుతారని తెలిసి, 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రవేత్తలు దాన్ని ఎలుకల మీద పరీక్షించారు. నోటి ద్వారా ఇస్తే షుగర్ తగ్గలేదు. ఇంజెక్షన్‌గా ఇస్తే తెల్ల రక్తకణాలు పడిపోయి, ఇన్‌ఫెక్షన్లతో ఎలుకలు చనిపోయాయి. ఆ విషగుణమే తర్వాత బ్లడ్ క్యాన్సర్‌కు మందైంది. అందుకే విన్‌క్రిస్టిన్‌ను నరంలోకే, మిల్లీగ్రాముల్లో లెక్కగట్టి ఇస్తాం. గ్లాసుడు ఆకు రసంలో అది ఎంత ఉందో, ఒంటికి ఎంత పడుతుందో ఎవరూ చెప్పలేరు. పైగా ఆ ఆకులో వందకు పైగా ఆల్కలాయిడ్లు (మొక్కల్లో తయారయ్యే ఒక రకం రసాయనాలు) ఉన్నాయి. అన్నీ మేలు చేసేవి కావు.

ఇంకో సంగతి. అమ్మగారికి ఎక్కిస్తున్న పాక్లిటాక్సెల్ కూడా చెట్టు మందే. అమెరికా పశ్చిమ తీరంలోని యూ చెట్టు బెరడులో మొదట దొరికింది. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరోవైపు లాగడానికి లోపల సన్నటి దారాలు ఏర్పడతాయి. విన్‌క్రిస్టిన్ ఆ దారాలను అల్లుకోనివ్వదు, పాక్లిటాక్సెల్ అల్లుకున్నవాటిని విడిపోనివ్వదు. రెండు విధాలా విభజన ఆగి కణం చనిపోతుంది. అంటే చెట్టు మందు వదిలి కెమికల్ తీసుకుంటున్నామన్న బెంగ అక్కర్లేదు.

నాకు ఎక్కువ భయం వేసేది ఇక్కడ. పాక్లిటాక్సెల్ వల్ల అరికాళ్ళు, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, రక్తకణాల కౌంట్ తగ్గుతుంది. బిళ్ళ గన్నేరు మందులకూ ఇవే దుష్ఫలితాలు. రసం తాగుతున్న సంగతి డాక్టరుకు తెలియకపోతే తప్పంతా కీమోదే అనుకుని, పనిచేస్తున్న మందు డోసు తగ్గించేస్తారు.

పది రోజుల సంగతి దాచకుండా, తిడతారన్న మొహమాటం లేకుండా, మీ ఆంకాలజిస్టుకు (క్యాన్సర్ డాక్టరుకు) చెప్పండి. తర్వాతి డోసుకు ముందు రక్తకణాల కౌంట్, లివర్ పరీక్షలు చూస్తారు. కూరలో పసుపు మామూలుగా వేసుకోవచ్చు. మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూళ్ళు మాత్రం వద్దు, అవి లివర్‌ను దెబ్బతీసిన కేసులు ఉన్నాయి. కీమో సాగినన్నాళ్ళూ ఇంట్లో థర్మామీటర్ ఉంచుకోండి. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే అర్ధరాత్రయినా సరే, పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.