మీ ప్రశ్నకు మా సమాధానం: ఏ బ్యాచ్‌కు ఏ రెగ్యులేషన్?

ప్రశ్న: మా అమ్మాయి 2021-22లో జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ కళాశాలలో బీటెక్ మొదటి సంవత్సరంలో చేరింది. నాలుగేళ్లూ పూర్తయినా రెండు సబ్జెక్టులు మిగిలిపోయాయి. ఆమె తర్వాతి బ్యాచ్‌కు ఇంటర్నల్ 40 మార్కులు, సెమిస్టర్ పరీక్ష 60 మార్కులు. మా అమ్మాయి మాత్రం 75 మార్కుల పేపరే రాయాలంటున్నారు. విశ్వవిద్యాలయం ఒకటే, డిగ్రీ ఒకటే అయినప్పుడు కొత్త పద్ధతి ఆమెకు ఎందుకు వర్తించదు?
– ఒక తండ్రి, నల్గొండ

జవాబు: రెగ్యులేషన్ అంటే కోర్సు సిలబస్, మార్కులు, పరీక్షలకు సంబంధించిన నిబంధనల సంపుటి. అది ఒక తేదీ నుంచి విశ్వవిద్యాలయంలోని విద్యార్థులందరికీ ఒకేసారి అమలయ్యేది కాదు. ఫలానా విద్యాసంవత్సరంలో మొదటి ఏడాదిలో చేరినవారి నుంచి వర్తిస్తుందని దాని మొదట్లోనే రాసి ఉంటుంది. ఆర్18 రెగ్యులేషన్ 2018-19లో చేరినవారితో మొదలైంది, ఆర్22 రెగ్యులేషన్ 2022-23లో చేరినవారితో మొదలైంది. అంటే మొదటి ఏడాదిలో చేరినవారి లెక్కలో మీ అమ్మాయిది ఆర్18 చివరి బ్యాచ్. ఆమె ఇంటర్నల్ మార్కులు 25కు లెక్కగట్టి ఎప్పుడో నమోదై ఉన్నాయి కాబట్టి, మిగిలిన 75కు పరీక్ష రాస్తేనే వంద పూర్తవుతుంది. ఇప్పుడు 60 మార్కుల పేపరు ఇస్తే ఆ సబ్జెక్టు మొత్తం 85 దగ్గరే ఆగిపోతుంది.

కొత్త పద్ధతి తేలికన్న అభిప్రాయం మీ ఉత్తరంలో ధ్వనిస్తోంది గానీ, అది పూర్తిగా నిజం కాదు. ఆర్18లో సెమిస్టర్ పరీక్షలో 75కు 26 తెచ్చుకొని, ఇంటర్నల్‌తో కలిపి నూటికి 40 వస్తే చాలు. ఆర్22లో సెమిస్టర్ పరీక్షలో 60కి 21, మొత్తం మీద 40 రావడంతో పాటు ఇంటర్నల్‌లో కూడా 40కి కనీసం 14 విడిగా తెచ్చుకోవాలి. కాబట్టి పోలికలు పక్కనపెట్టి, సప్లిమెంటరీ నోటిఫికేషన్‌లో ఆర్18 అన్న మాట చూసుకొని ఫీజు కట్టించండి. ప్రశ్నపత్రం పైభాగంలో కూడా రెగ్యులేషన్ పేరు అచ్చై ఉంటుంది, రాయడం మొదలుపెట్టే ముందు దాన్నొకసారి చూసుకోమనండి. మొదటి సంవత్సరం మొదటి సెమిస్టర్ ప్రారంభమైన నాటి నుంచి ఎనిమిదేళ్లలోగా డిగ్రీ పూర్తి చేయాలన్న గడువు ఉంది కనుక ఆమెకు ఇంకా సమయం లేకపోలేదు.

ప్రశ్న: డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి 2022-23లో నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరాను. అదే ఏడాది మొదటి సంవత్సరంలో చేరిన మా తమ్ముడిది ఆర్22, నాది ఆర్18. ఒకే ఏడాది చేరిన ఇద్దరికి రెండు రెగ్యులేషన్లా?
– ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: అవును, అలాగే ఉండాలి కూడా. మీరు వెళ్లి కూర్చున్నది 2021-22లో చేరినవారి తరగతిలో. వారి పాఠ్యాంశాలే మీవి, వారి పరీక్షలే మీవి. అందుకే లేటరల్ ఎంట్రీ వారికి, అంటే మీలా నేరుగా రెండో సంవత్సరంలో చేరేవారికి, ప్రతి రెగ్యులేషన్ ఒక ఏడాది ఆలస్యంగా వర్తిస్తుంది. ఆర్22 వారికి 2023-24 నుంచి మొదలైంది. మీ హాల్‌టికెట్ నంబరు 22తో మొదలవుతుంది కనుక ఈ సందేహం రావడం సహజమే. అయితే ఆ అంకె చేరిన సంవత్సరాన్ని మాత్రమే చెబుతుంది, రెగ్యులేషన్‌ను చెప్పదు. దాని తర్వాత కళాశాల కోడ్, ఆ పక్కనే మీ తమ్ముడి నంబరులో 1ఎ, మీ నంబరులో 5ఎ ఉంటాయి. తేడా అక్కడుంది. మీకు గడువు ఎనిమిదేళ్లు కాదు, ఆరేళ్లేనన్నది కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: 2021-22లో చేరాను. రెండో ఏడాది ముగిసేసరికి కావలసిన క్రెడిట్లు (సబ్జెక్టులు పాసైతే వచ్చే పాయింట్లు) రాక డిటెయిన్ అయ్యాను. తర్వాత సప్లిమెంటరీలు రాసి, మూడో సంవత్సరంలో జూనియర్లతో కలిసి చేరాను. ఇప్పుడు నాది ఆర్18 అనుకోవాలా, ఆర్22 అనుకోవాలా? క్రెడిట్ల లెక్క ఎవరిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.
– ఒక విద్యార్థి, ఖమ్మం

జవాబు: మీకు రెండూ వర్తిస్తాయి, అయితే వేర్వేరు విషయాలకు. ఆర్18లో మొదటి రెండేళ్లకు 79 క్రెడిట్లు ఉంటే, వాటిలో కనీసం 47 వస్తేనే మూడో ఏడాదికి పంపిస్తారు. ఆ లెక్క దగ్గరే మీరు ఆగిపోయి ఉంటారు. రీఅడ్మిషన్ తర్వాత ఏ బ్యాచ్‌లో చేరితే ఆ బ్యాచ్ రెగ్యులేషనే వర్తిస్తుంది కనుక మూడు, నాలుగు సంవత్సరాల్లో మీరు చదివేది ఆర్22. కానీ మొదటి రెండేళ్లలో తప్పిన సబ్జెక్టులు ఏవైనా ఇంకా ఉంటే వాటిని ఆర్18 కిందే, ఆ సిలబస్‌తోనే, 75 మార్కుల పేపరుతోనే గట్టెక్కాలి.

ఇక డిగ్రీకి కావలసిన మొత్తం. రెండు రెగ్యులేషన్లలోనూ మొదటి నుంచి చివరి వరకు చదివినవారికి 160 క్రెడిట్లు. మీరు మాత్రం ఆర్18లో 79, ఆర్22లో మూడో ఏడాది నుంచి 80 చదువుతారు, కలిపితే 159. ఒక క్రెడిట్ తక్కువైందని కంగారు పడనక్కరలేదు. ఇలా చేరినవారికి వేర్వేరు రెగ్యులేషన్లలో సంపాదించిన క్రెడిట్ల మొత్తమే డిగ్రీకి లెక్క అని నిబంధనల్లో స్పష్టంగా ఉంది.

అసలు చిక్కు సబ్జెక్టుల దగ్గర వస్తుంది. ఆర్18లో మీరు రెండో ఏడాదిలోనే చదివేసిన సబ్జెక్టు ఆర్22లో మూడో ఏడాదికి జరిగి ఉండవచ్చు. సిలబస్ 80 శాతం ఒకటే అయితే దాని బదులు విశ్వవిద్యాలయం సూచించిన మరో సబ్జెక్టు చదవాలి. దీనికి ఎదురుగా, జూనియర్లు రెండో ఏడాదిలో చదివిన ఒక ముఖ్యమైన సబ్జెక్టు మీరు అసలు చదవకుండానే పై తరగతికి వచ్చి ఉండవచ్చు. అలాంటప్పుడు కళాశాల ప్రత్యేక తరగతులు నిర్వహించాలి. నిబంధన కాగితం మీద సక్రమంగానే ఉంది. కానీ ఏ సబ్జెక్టుకు ఏది సమానమో, దేని బదులు ఏది చదవాలో తెలిపే జాబితా కొత్త రెగ్యులేషన్‌తో పాటే విద్యార్థి చేతికి అందితే తప్ప దాని వల్ల ప్రయోజనం లేదని మా అభిప్రాయం. చివరి సెమిస్టర్ అయ్యాక, ప్రొవిజనల్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసే వేళ ఒక సబ్జెక్టు తక్కువైందని తెలిస్తే పోయేది విద్యార్థి కాలమే. కాబట్టి ప్రతి సెమిస్టర్ రిజిస్ట్రేషన్‌కు ముందే మీ సబ్జెక్టుల జాబితాను కళాశాల పరీక్షల విభాగానికి ఇచ్చి, ఏవి మార్చుకోవాలో రాతపూర్వకంగా తీసుకోండి. మీ ఎనిమిదేళ్ల గడువు 2021-22 నుంచే లెక్క, మళ్లీ చేరిన నాటి నుంచి కాదు.

ప్రశ్న: విద్యార్థి చదువు మధ్యలో ఉండగా అతని కోర్సు నిబంధనలనే మార్చే అధికారం విశ్వవిద్యాలయానికి ఉందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఆ అధికారాన్ని జేఎన్‌టీయూ హైదరాబాద్ తన రెగ్యులేషన్‌లోనే రాసుకుంది. నిబంధనలనుగానీ సిలబస్‌నుగానీ ఎప్పుడైనా సవరించవచ్చని, తాము ప్రకటించిన తేదీ నుంచి ఆ సవరణలు విద్యార్థులందరికీ వర్తిస్తాయని అందులో ఉంది. అయినా కొత్త రెగ్యులేషన్‌ను పాత బ్యాచ్‌ల మీద రుద్దకుండా కొత్తగా చేరేవారితో మొదలుపెట్టడమే ఆనవాయితీ. ఆ ఆనవాయితీ తప్పితే ఏమవుతుందో ఢిల్లీ విశ్వవిద్యాలయం 2013 బ్యాచ్ చూసింది. ఆ ఏడాది అక్కడ నాలుగేళ్ల డిగ్రీని ప్రవేశపెట్టారు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఆదేశంతో 2014 జూన్‌లో దాన్ని ఉపసంహరించారు. అప్పటికే ఏడాది చదివేసిన విద్యార్థులను మూడేళ్ల డిగ్రీలోకి మార్చి, మిగిలిన రెండేళ్లకు పాఠ్యాంశాలను తిరిగి సర్దవలసి వచ్చింది. అదే పథకం కింద బీటెక్‌లో చేరినవారిని మాత్రం నాలుగేళ్లూ చదివి అదే డిగ్రీ పూర్తి చేయనిచ్చారు.