పెరట్లో బాగా పట్టిన డిటెక్టర్ డనోలీ ఎర్రనేలలో ఎందుకు గోల పెడుతుంది? ఎలా పరీక్షించాలి?

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న జీపీఎక్స్ 5000 (బంగారం వెతికే మెటల్ డిటెక్టర్) మెల్‌బోర్న్‌లో ఇంటి పెరట్లో ఉంగరాన్ని చాలా దూరం నుంచే పట్టింది, ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో డనోలీ ఊరి దగ్గర ఎర్రనేలలో మాత్రం అడుగడుక్కీ మోగుతోంది, మెషీన్ పాడైందా అని ఒకరు అడిగారు. చాలావరకు పాడై ఉండదండీ. పెరట్లో చేసిన పరీక్షే ఇక్కడికి పనికిరాదు.

ముందు ఆ ఉంగరం పక్కన పెట్టేయండి. అది మూసుకున్న చుట్టు కాబట్టి అందులో కరెంటు తేలిగ్గా తిరుగుతుంది, సిగ్నల్ గట్టిగా వస్తుంది. అదే బరువున్న గరుకు నగ్గెట్ (నేలలో దొరికే ముడి బంగారు ముద్ద) అంతగా పలకదు. సన్న గొలుసు సంగతి ఇంకా ఘోరం: ఒక్కో లింకూ విడి ముక్కలా ఉంటుంది కాబట్టి గొలుసు మొత్తం ఎంత బరువున్నా డిటెక్టర్‌కి సరిగ్గా ఆనదు. నగలతో పరీక్షిస్తే రెండు రకాలుగానూ మోసపోతాం. చిన్న నగ్గెట్ ఉంటే మంచిదే, లేకపోతే చేపల గాలానికి వాడే సీసపు గుళ్లు చాలు. 0.2 గ్రాములది ఒకటి, 1 గ్రాముది ఒకటి తీసుకోండి.

డనోలీ ఉన్న విక్టోరియా గోల్డెన్ ట్రయాంగిల్ (బంగారం దొరికే ప్రాంతం) మట్టిలో ఇనుపరాయి, మాగ్‌హెమైట్ (అయస్కాంత గుణమున్న ఇనుప ఖనిజం) గింజలు ఎక్కువ. డిటెక్టర్ నేలలోకి అయస్కాంత పల్స్‌లు పంపుతుంది. పల్స్ ఆగాక బంగారంలో పుట్టిన కరెంటు క్రమంగా తగ్గిపోతుంది. డిటెక్టర్ వినేది ఆ తగ్గుదలనే. ఈ గింజలకు పట్టిన అయస్కాంతత్వం కూడా చప్పున పోదు, అదీ మెల్లగానే తగ్గుతుంది. మెషీన్ తికమక పడేది అక్కడే.

పెరట్లో నార్మల్ టైమింగ్‌లో (నేల రకాన్ని బట్టి ఎంచుకునే సెట్టింగ్) పెట్టి అలాగే తెచ్చి ఉంటారని నా అనుమానం. అది ఇనుప ఖనిజాలు తక్కువున్న నేలకి. ఇలాంటి చోట ఎన్‌హాన్స్‌ గానీ ఫైన్ గోల్డ్ గానీ పెట్టండి. ఫోన్ ఆపేసి, కరెంటు లైన్లకూ ఇంకో డిటెక్టర్‌కూ దూరంగా నిలబడి, కాయిల్‌ను (నేల మీద తిప్పే గుండ్రటి పళ్లెం) గాల్లో కదలకుండా పట్టుకుని ఆటో ట్యూన్ (చుట్టుపక్కల విద్యుత్ గోలను తప్పించే సర్దుబాటు) పూర్తి కానివ్వండి. తర్వాత లోహం లేని చోట క్విక్ ట్రాక్ బటన్ (మెషీన్‌ను నేలకు తగ్గట్టు సర్దేది) నొక్కి పట్టుకుని, కాయిల్‌ను నేలకు దగ్గరగా దించుతూ 15-20 సెం.మీ. పైకి ఎత్తుతూ ఆడించండి. చప్పుడు సర్దుకున్నాకే బటన్ వదలాలి. థ్రెషోల్డ్ (ఎప్పుడూ వినిపించే సన్నటి మోత) చెవి దగ్గర దోమ రొదలా సన్నగా ఉంటే చాలు. ఇంకా వణుకుతుంటే గెయిన్ (సున్నితత్వం) ఒక్కో అంకె తగ్గించండి. మోనో కాయిల్ (ఒకే తీగచుట్ట ఉండేది) లోతుకు మంచిదే గానీ మరీ వేడి నేలలో, అంటే ఇనుప ఖనిజాలు ఎక్కువున్న చోట, డబుల్ డి (రెండు తీగచుట్టలున్న కాయిల్) తక్కువ గోల పెడుతుంది. కాయిల్ మార్చినప్పుడు మెషీన్ మీది కాయిల్ రకం స్విచ్ కూడా మార్చాలి, చాలామంది ఇది మర్చిపోతారు.

ఇక అసలు పరీక్ష. గొయ్యి తవ్వి గుండు పెట్టి పూడిస్తే లాభం లేదు. పైనున్న మట్టి కదిలిపోయి, అది వేరే నేల అయిపోతుంది. నేల కదలకుండా పక్క నుంచి వెళ్లాలి. మొదట ఆ చోటు డిటెక్టర్‌తో చూసి, ఏ చప్పుడూ లేదని తేల్చుకోండి. వేలంత లావు ఇనుప కడ్డీని 45 డిగ్రీల వాలులో 21 సెం.మీ. దిగ్గొడితే కొస దాదాపు 15 సెం.మీ. లోతులో ఉంటుంది. కడ్డీ లాగేసి, ఖాళీ కన్నం మీదే ఒకసారి కాయిల్ తిప్పండి. వేడి నేలలో ఖాళీ కన్నం కూడా మోగొచ్చు, ఈ మెట్టు దాటేస్తే ఆ మోతనే గుండు అనుకుంటారు. తర్వాత సీసపు గుండును పుల్లతో కొసదాకా నెట్టి, కొస సరిగ్గా ఎక్కడుందో ఆ చోట పైన చెక్కముక్క పెట్టండి. పలుగూ పారా, ఇనుప ముక్కున్న బూట్లూ దూరంగా ఉంచాలి.

ట్రాకింగ్ (నేలకు తగ్గట్టు తనంతట తానే సర్దుకుంటూ పోయే పద్ధతి) తీసేసి ఫిక్స్‌డ్‌లో చూడండి. ట్రాకింగ్‌లో ఒకేచోట పదేపదే తిప్పితే మెషీన్ ఆ సన్నటి సిగ్నల్‌ను కూడా నేల కింద జమకట్టి చెరిపేస్తుంది. నెమ్మదిగా, రెండు దిక్కుల నుంచీ తిప్పండి. 15 సెం.మీ.లో వినబడకపోతే ఇంకో కన్నం 10లో, తర్వాత 5లో. ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చి, ఫలితం చీటీ మీద రాసుకోండి. 0.2 గ్రాముల గుండు 15 సెం.మీ.లో వినబడలేదని మాత్రం మెషీన్‌ను తప్పుపట్టకండి, ఆ సైజు పైపైన దొరికేదే.

వెతికేటప్పుడు సిగ్నల్ వస్తే పైమట్టి 2-3 సెం.మీ. గీకి మళ్లీ వినండి. పదును పెరిగితే తవ్వాలి. మాయమైతే, లేదా వెడల్పుగా చెదిరిపోతే, అది నేల చప్పుడే. మైనర్స్ రైట్ (బంగారం వెతకడానికి తీసుకునే అనుమతి పత్రం) జేబులో ఉండాలి, తవ్విన ప్రతి గొయ్యీ పూడ్చాలి.

ఇంత చేసినా మోత ఆగకపోతే కాయిల్ కవర్ విప్పండి. మధ్యలో చేరిన ఎర్రదుమ్ము వల్లే చాలాసార్లు దొంగ సిగ్నళ్లు వస్తాయి, తుడిచి బిగించండి. తర్వాత కాయిల్‌ను గాల్లో నిలకడగా పట్టుకుని కేబుల్ మాత్రం కదపండి, అప్పుడు మోగితే తప్పు కేబుల్‌దో ప్లగ్‌దో. మెషీన్ కంట్రోల్ బాక్స్‌ను రిపేరుకు పంపేముందు ఎవరిదైనా వేరే కాయిల్ తగిలించి అదే కన్నం మీద చూడండి.