చివరి ఏడాది ప్రాజెక్టు సగంలో ఆగింది, పది వారాలే ఉంది. ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ప్రశ్న క్లుప్తంగా: నల్గొండ దగ్గర బీటెక్ చివరి ఏడాది, నలుగురు. బత్తాయి తోటలో నేల తడిని బట్టి డ్రిప్‌కు నీళ్లు వదిలే ప్రాజెక్టు. యాప్ సగం, సర్క్యూట్ సగం, రిపోర్టు సగం. కూర్చుంటే మనసు నిలవట్లేదు.

తమ్మీ, మనసు నిలవకపోవడం మీ ఒక్కరి జబ్బు కాదు. కూర్చున్నాక ఏం చేయాలో తెలియకపోతే ఎవరి చెయ్యైనా ఫోన్ మీదికే పోతుంది. "ఇవాళ సర్క్యూట్ చూద్దాం" అనుకుంటే దానికి మొదలూ లేదు, చివరా లేదు. "సెన్సార్‌ను తడి మట్టిలో గుచ్చితే రిలే (బోర్డు చెప్పినట్టు వాల్వును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) ఆగాలి, పొడి మట్టిలో గుచ్చితే టిక్కుమనాలి" అని నోట్‌బుక్‌లో రాసి కూర్చుంటే పని ఎప్పుడు అయిపోయిందో చూసేవాళ్లకు కూడా తెలుస్తుంది.

ముందు గంటలు లెక్కేయండి. పది వారాల్లో మిడ్ పరీక్షలకు రెండు పోతాయి. చివరి రెండు రిపోర్టుకు, బైండింగుకు, సంతకాలకు. మిగిలేది ఆరు. వారానికి నాలుగు రోజులు, రోజుకు రెండు గంటలంటే మనిషికి 48 గంటలు. నలుగురం కలిస్తే 192 అని మురవకండి. ఒక్క బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా వైర్లు గుచ్చే పలక) మీద ఎనిమిది చేతులు ఆడవు. ఇద్దరు బోర్డు మీద, ఒకరు మట్టి మీద, ఒకరు మొదటి రోజు నుంచే రిపోర్టు మీద ఉండాలి.

ఆ గంటల్లో యాప్, సోలార్, వాతావరణ సూచన, ఏఐ, అన్నీ పట్టవు. నోట్‌బుక్ చివరి పేజీలో "తర్వాత" అని రాసి వాటిని అక్కడ పడేయండి. మొదటి వారం గురి ఒక్కటే: ఒక సెన్సార్, ఒక ఈఎస్పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు), ఒక రిలే, ఒక వాల్వు, పైపులోంచి నీళ్లు. యాప్ లేదు, తెర లేదు. వికారంగా ఉన్నా మొత్తం గొలుసు ఒక్కసారి కదలాలి. యాప్ సులువు కాబట్టి అందరూ దానితోనే మొదలుపెడతారు, అసలు చిక్కు నీళ్ల దగ్గర ఉందని ఎనిమిదో వారంలో తెలుస్తుంది.

ఆ చిక్కు ఎలా ఉంటుందంటే, బజార్లో దొరికే అర అంగుళం 12 వోల్టుల ప్లాస్టిక్ సోలనాయిడ్ వాల్వుల్లో (కరెంటు ఇస్తే తెరుచుకునేవి) చాలావాటికి కనీసం 0.02 మెగాపాస్కల్ పీడనం కావాలి. అంటే నీటి మట్టం వాల్వు కంటే సుమారు రెండు మీటర్లు పైన ఉండాలి. టేబుల్ మీద బకెట్ పెట్టి చూస్తే వాల్వు టిక్కుమంటుంది, నీళ్లు మాత్రం రావు. కోడ్‌లో తప్పుందనుకుని రెండు రోజులు కోడ్ తవ్వుతారు. హాస్టల్ ఓవర్‌హెడ్ ట్యాంకు నల్లాకు తగిలించి చూడండి, ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. వాల్వు కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడ్ పెట్టండి, గీత ఉన్న కొస ప్లస్ వైపు ఉండాలి. అది లేకపోతే వాల్వు ఆగినప్పుడల్లా బోర్డు రీసెట్ అవ్వొచ్చు. త్రీఫేజ్ మోటారు స్టార్టర్ జోలికి మాత్రం పోవద్దు. వాల్వుతో చూపిస్తే చాలు.

సెన్సార్ కెపాసిటివ్ రకమే (లోహం మట్టికి తగలకుండా తడి కొలిచేది) కొనండి. రెండు పుల్లల రెసిస్టివ్ రకం తడి మట్టిలో తుప్పు పట్టి రోజురోజుకూ రీడింగ్ మారుస్తుంది. కెపాసిటివ్ దాంట్లో తడి పెరిగితే అంకె తగ్గుతుంది, అది సహజమే. పైభాగంలోని సర్క్యూట్‌కు, బోర్డు అంచులకు ఎపాక్సీ గానీ నెయిల్ పాలిష్ గానీ పూయండి. దాని సిగ్నల్ వైరును ఈఎస్పీ32 మీద జీపీఐఓ (బోర్డు పిన్ను నంబరు) 32 నుంచి 39 లోపు పిన్నుకే కలపాలి. వోల్టేజీని అంకెగా చదివే మిగతా పిన్నులు, అంటే ఏడీసీ2 పిన్నులు, వైఫై ఆన్‌లో ఉంటే పనిచేయవు.

ప్లాన్‌లో అందరూ మరిచేది ఎదురుచూసే పని. తోట మట్టిని సివిల్ ల్యాబ్ ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టడానికి 24 గంటలు పడుతుంది. అందులో మీ చేతిపని పది నిమిషాలే. ఎపాక్సీ ఆరడం, గైడ్ సంతకం, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ నుంచి సామాను రావడం, ఇవన్నీ ఇదే రకం. వారం మొదట్లో ముందు వీటిని కదిలించి, తర్వాత చేతిపనికి కూర్చోండి. కోఠికి పోయిరావడానికి ఒక రోజు పూర్తిగా పోతుంది కాబట్టి లిస్టు ఒక్కసారే రాయండి: ఈఎస్పీ32 రెండు, సెన్సార్లు నాలుగు, రిలేలు రెండు, వాల్వులు రెండు, డయోడ్లు పది.

ఆరిన మట్టి 500 గ్రాములు తూచి, 25 గ్రాముల చొప్పున నీళ్లు కలుపుతూ 0, 5, 10, 15, 20 శాతం దగ్గర రీడింగ్ రాసుకోండి. ప్రతిసారీ అదే డబ్బాలో అదే గీత దాకా అదమాలి. వదులుగా ఉంటే మధ్యలో గాలి చేరి మట్టిని పొడిగా చూపిస్తుంది. చల్క నేలకు తీసిన అంకెలు రేగడికి పనికిరావు. రిపోర్టులో ఎగ్జామినర్ ఆగి చూసే పట్టిక ఇదే, యాప్ స్క్రీన్‌షాట్ కాదు.

ఇక రెండు గంటల కూర్చోవడం. పిన్ డయాగ్రామ్ ప్రింట్ తీసి గోడకు అంటించండి, అప్పుడు దానికోసం ఫోన్ తెరిచే పని ఉండదు. ఒకసారికి ఒక్కటే మార్చండి, వైరు గానీ కోడ్ గానీ. నడిచిన కోడ్‌ను తేదీ పేరుతో పక్కన దాచండి. అరగంటలో తేలని చిక్కును నోట్‌బుక్‌లో రాసి, ఇంకొకరిని అడిగి, వేరే పనికి పోండి. లేచే ముందు రేపటి మొదటి పని ఒక్క వాక్యం రాయండి, లేకపోతే రేపు సగం గంట "ఎక్కడ ఆపాం?" అన్న లొల్లికే పోతుంది. జంపర్ వైర్లు వదులవడం వల్ల పోయే గంటలు ఇంకా ఎక్కువ. గొలుసు ఒకసారి నడిచిందంటే వెంటనే జీరో బోర్డు (రంధ్రాలున్న సోల్డరింగ్ పలక) మీద సోల్డర్ చేసేయండి.

శనివారం ఇరవై నిమిషాలు నలుగురూ కూర్చోండి. వాట్సాప్ గ్రూపులో నిర్ణయాలు పెళ్లి ఫోటోల కింద మునిగిపోతాయి, అన్నీ ఆ నోట్‌బుక్‌లోనే ఉండాలి. మనిషి చేతిలో ఒక్క పనే. "తొంభై శాతం అయింది" అంటే లెక్క కాదు, నడిపి చూపిస్తేనే అయినట్టు.

తోటకు సామాను మోసుకుపోయే ముందు రైతును ఒక మాట అడగండి. బత్తాయిలో పూత కోసం చెట్లను కొన్నాళ్లు బెట్టకు వదులుతారు, కావాలనే నీళ్లు ఆపుతారు. నేల ఎండిందని మీ పెట్టె అప్పుడు నీళ్లు వదిలితే ఆ పూత దెబ్బతింటుంది. అందుకే ఆటోమేటిక్‌ను ఆపే మామూలు స్విచ్ ఒకటి తప్పనిసరి. ఇది "తర్వాత" పేజీలో రాసేది కాదు.

వైవాకు ముందురోజు అదే గదిలో నడిపి చూడండి. కాలేజీ వైఫై లాగిన్ పేజీ అడిగితే ఈఎస్పీ32 దాన్ని దాటలేదు. ఫోన్ హాట్‌స్పాట్ వాడండి, బ్యాండ్ 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉండాలి, 5లో ఉంటే బోర్డుకు కనబడదు.