ఆదివారం మధ్యాహ్నం సోలార్ ఎందుకు ఆగిపోతోంది?

మిత్రమా, మీ పర్లాకిమిడి క్యాంపస్‌లో ఆదివారాలు మాత్రమే, అదీ ఎండ మండే వేళ, సోలార్ ఇన్వర్టర్లు ఆగిపోతున్నాయని రాశారు. ప్యానెళ్లను అనుమానించకండి. సెలవు రోజున తరగతి గదుల్లో ఫ్యాన్లు తిరగవు. వాడకం లేక మిగిలిన కరెంటు గ్రిడ్ (బయటి కరెంటు లైన్ల) వైపు ఎదురు వెళ్తుంది, వోల్టేజి పెరుగుతుంది. అది పరిమితి దాటితే, ప్యానెళ్ల కరెంటును మనం వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. ఆగే ముందు ఇన్వర్టర్ తెరమీద మామూలు 230కి బదులు 253 వోల్టుల దగ్గర అంకె కనిపిస్తే కారణం అదే.

మా గుణుపురం హాస్టల్లో తెల్లవారుజామున నడిచే నీటి మోటార్లను టైమరుతో 11 నుంచి 2 గంటల మధ్యకు మార్చాం. మిగిలే కరెంటును మోటార్లు వాడుకున్నాయి, ట్యాంకులు నిండాయి, ఇన్వర్టర్లూ ఆగలేదు. ముందు ఇది చేయండి, ఖర్చు దాదాపు లేదు.

అప్పటికీ ఆగితే ఇన్వర్టర్ నుంచి మెయిన్ బోర్డుకు వేసిన కేబుల్ చూడండి. సన్నదైతే వోల్టేజి ఇంకా ఎగబాకుతుంది. ఇన్వర్టర్‌లోని వోల్టేజి పరిమితిని మాత్రం దయచేసి సొంతంగా పెంచకండి, ల్యాబ్ పరికరాలు దెబ్బతినవచ్చు.