వర్జీనియాలో ఏటా ఎన్నికలే: కొత్తగా వచ్చినవాళ్లకి కొన్ని మాటలు

ఆష్‌బర్న్, హెర్న్‌డన్, చాంటిలీ వైపు కొత్తగా వచ్చిన మనవాళ్లు తరచుగా అడుగుతుంటారు, "ప్రెసిడెంటు ఎన్నికలు పోయినేడే కదా అయిపోయాయి, మళ్లీ రోడ్ల పక్కన ఈ బోర్డులేంటన్నా?" అని. వర్జీనియాలో నవంబరు వచ్చిందంటే ఏదో ఒక ఎన్నిక ఉంటుంది. సరి సంవత్సరాల్లో వాషింగ్టన్‌కి వెళ్లేవాళ్లవి, బేసి సంవత్సరాల్లో రాష్ట్రానివి. గవర్నరు ఎన్నిక సరిగ్గా ప్రెసిడెంటు ఎన్నిక అయిన మరుసటి ఏడాది వస్తుంది, పైగా ఇక్కడి గవర్నరు వరసగా రెండోసారి నిలబడటానికి వీల్లేదు. ఈ నిబంధన ఉన్న రాష్ట్రం దేశం మొత్తంలో ఇదొక్కటే.

రాజకీయాల్లోకి వెళ్లేముందు మీ వీసాకి సంబంధించిన మాట చెప్తాను, ఇది జాగ్రత్తగా వినండి. డ్రైవింగ్ లైసెన్సులిచ్చే ఆఫీసు డీఎంవీకి వెళ్లినప్పుడు మీరు అమెరికా పౌరులా, ఓటరుగా నమోదు చేయాలా అని అడుగుతారు. వెనక లైన్ పెద్దదిగా ఉందని చకచకా అన్నిటికీ అవునని నొక్కుకుంటూ పోకండి. హెచ్1బి అయినా, గ్రీన్ కార్డు అయినా, మీరు పౌరులు కారు. పౌరులమని చెప్పుకుని ఓటరుగా నమోదైతే దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటే కారణంగా చాలు. ఎన్నేళ్ల తర్వాతైనా సరే, సిటిజన్‌షిప్‌కి అప్లై చేసే ఫారంలో ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటు వేశారా అని అడుగుతారు. పొరపాటున ఇప్పటికే నమోదైపోయి ఉంటే మీ అంతట మీరు ఏ ఉత్తరమూ రాయకుండా ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి.

డబ్బు విషయం కూడా అంతే. మనవాళ్ల విందులకి అభ్యర్థులు వస్తారు, ఫొటోలు దిగుతారు, తర్వాత చందా అడుగుతారు. వీసా మీద ఉన్నవాళ్లు చిన్న కౌంటీ పదవికి పోటీ చేసే అభ్యర్థికి కూడా చందా ఇవ్వకూడదు, అది ఫెడరల్ చట్టం. గ్రీన్ కార్డు ఉంటే ఇవ్వచ్చు, కానీ సొంత డబ్బే అయ్యుండాలి. వీసా మీద ఉన్న తమ్ముడి డబ్బు మీ పేరున కట్టడం నేరం. జీతం తీసుకోకుండా ప్రచారంలో సాయం చేయడానికి మాత్రం అడ్డులేదు.

ఇక వర్జీనియా డెమొక్రాట్లదా రిపబ్లికన్లదా అంటే, ఎప్పటికీ ఎవరిదీ కాదని నేను గట్టిగా నమ్ముతాను. 1968 నుంచి 2004 దాకా ప్రెసిడెంటు ఎన్నికల్లో ప్రతిసారీ రిపబ్లికన్లకే వేసింది, మన లౌడన్ కౌంటీ కూడా 2004లో బుష్‌నే గెలిపించింది. 2008లో ఒబామాతో అది మారింది, ఆ తర్వాత ప్రెసిడెంటు ఎన్నికల్లో డెమొక్రాట్లు ఇక్కడ ఓడిపోలేదు. వాషింగ్టన్ చుట్టూ ఉద్యోగాలు, ఫెడరల్ కాంట్రాక్టులు పెరిగి మనలాంటివాళ్లు వచ్చి స్థిరపడటం దీనికి పెద్ద కారణం. కానీ రాష్ట్ర ఎన్నికల లెక్క వేరు. 1977 నుంచి వైట్‌హౌస్‌లో ఏ పార్టీ ఉంటే ఇక్కడ గవర్నరు ఎన్నికలో ఆ పార్టీయే ఓడుతూ వచ్చింది, 2013లో ఒబామా ప్రెసిడెంటుగా ఉండగానే గెలిచిన డెమొక్రాట్ టెర్రీ మెకాలిఫ్ ఒక్కడే దీన్ని తప్పించుకున్నాడు. 2020లో బైడెన్ 10 శాతం తేడాతో గెలిచిన రాష్ట్రంలో ఏడాది తిరక్కుండానే రిపబ్లికన్ గ్లెన్ యంగ్‌కిన్ 2 శాతంతో గవర్నరయ్యాడు. కోవిడ్‌లో బళ్లు మూసి ఉంచడం మీద తల్లిదండ్రుల కోపం అందులో బాగా పనిచేసింది. మళ్లీ 2025లో, ఫెడరల్ ఉద్యోగాల కోతలు, అక్టోబరు నుంచి ప్రభుత్వం షట్‌డౌన్, ఇళ్లలో టెన్షన్, వీటన్నిటి మధ్య డెమొక్రాట్ అబిగైల్ స్పాన్‌బర్గర్ దాదాపు 15 శాతం తేడాతో గెలిచింది. అదే రోజు లెఫ్టినెంట్ గవర్నరుగా గెలిచిన గజాలా హష్మీ పుట్టింది హైదరాబాదులో, నాలుగేళ్ల వయసులో ఇక్కడికి వచ్చారు.

టీవీలో ప్రెసిడెంటు గొడవ చూసి రాజకీయం అర్థమైపోయిందనుకుంటారు మనవాళ్లు, నాకు బాధ కలిగించేది అదే. మన ఇళ్లని కదిలించేది కింది స్థాయి. టీజే, అంటే ఎంపికతోనే సీటు దొరికే థామస్ జెఫర్సన్ సైన్స్ హైస్కూల్ సంగతే చూడండి. పిల్లలు ఆరో తరగతిలో ఉండగానే కోచింగ్ మొదలుపెట్టే ఇళ్లు మనలో ఎన్నో. ఆ ప్రవేశ పరీక్షని 2020లో తీసేసింది గవర్నరు కాదు, ప్రెసిడెంటూ కాదు, ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీ స్కూల్ బోర్డు. కొందరు తల్లిదండ్రులు కోర్టుకెక్కారు, 2024లో సుప్రీంకోర్టు ఆ కేసు విననంది, కొత్త పద్ధతే నిలిచింది. అది మంచిదా చెడ్డదా అన్నది మీ ఇష్టం, కానీ ఆ బోర్డు సభ్యుల్ని ఎన్నుకున్నది మన పక్కింటివాళ్లు. ఏటా కడుతున్న కారు పన్ను రేటు, ఇంటి వెనక డేటా సెంటర్ రావాలా వద్దా, ఇవి కూడా మనం ఎన్నుకునే కౌంటీ పాలకవర్గం, అంటే సూపర్‌వైజర్ల చేతిలోవే.

ఒక్క ఓటుతో ఏమవుతుందంటారా? 2017లో న్యూపోర్ట్ న్యూస్‌లో రాష్ట్ర శాసనసభలో ఒక డెలిగేట్ (సభ్యుడి) సీటుకి ఇద్దరికీ సమానంగా 11,608 ఓట్లు వచ్చాయి. గిన్నెలో రెండు పేర్లు వేసి లాటరీ తీశారు, రిపబ్లికన్ డేవిడ్ యాన్సీ పేరు వచ్చింది, దాంతో సభ 51-49తో ఆ పార్టీ చేతిలో ఉండిపోయింది.

సిటిజన్‌షిప్ వచ్చిన వారంలోనే నమోదు చేసుకోండి, ఈసారి ధైర్యంగా. పార్టీ పేరు రాయాల్సిన పనిలేదు, వర్జీనియాలో ఆ పద్ధతే లేదు. పార్టీలు తమ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నిక రోజున ఏ పార్టీది కావాలంటే ఆ బ్యాలెట్ అడగొచ్చు, ఒకే రోజు రెండు పార్టీలవీ ఉంటే ఒకటే ఇస్తారు. ఎన్నికకి 45 రోజుల ముందు నుంచే ఓటు వేయొచ్చు కాబట్టి ఆ మంగళవారం ఆఫీసులో మీటింగులున్నాయన్న సాకు చెల్లదు. అప్పటిదాకా స్కూల్ బోర్డు మీటింగులకి వెళ్లండి, వీసా మీద ఉన్నా తల్లిదండ్రులుగా అక్కడ మీ మాట చెప్పుకోవచ్చు.